అరవై దాటాక కాళ్ళ సత్తువ నిలుపుకోవడం ఎలా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు పెద్దమనుషుల కోసం ఎనిమిది వారాల పాఠం

మన వైపు మగవాళ్ళకు అరవై దాటగానే ఒక్కో పనీ కొడుకుల చేతికి పోతుంది. మొదట కొట్టు తాళాలు, తర్వాత తోటకు నీళ్ళు కట్టే పని, ఆ తర్వాత బజారుకు పోయి సరుకులు తెచ్చే పని. "నాయనా, నువ్వు కూర్చో, నేను తెస్తా" అనే మాటలో ఉన్నది ప్రేమే. కానీ ఆ మాట విని నాలుగేళ్ళు కూర్చున్న మనిషికి ఐదో ఏడు నేల మీద నుంచి లేవాలంటే పక్కన గోడ కావాలి. ఆరో ఏడు ఇంకో మనిషి కావాలి.

వయసుతోపాటు కండ తరగడం సహజం. ముప్పై దాటిన దగ్గర్నుంచి పదేళ్ళకు 3 నుంచి 8 శాతం దాకా కండ తగ్గుతుంది. అరవై తర్వాత ఆ తరుగు ఇంకా వేగం. పని లేని కండ మరీ తొందరగా పోతుంది.

పోయింది తిరిగి వస్తుందా? వస్తుంది. అమెరికాలోని బోస్టన్‌లో ఒక వృద్ధుల ఆశ్రమంలో తొంభై ఏళ్ళ వయసువాళ్ళ చేత ఎనిమిది వారాలపాటు తొడలకు బరువుల కసరత్తు చేయించారు. 1990లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. కసరత్తు పూర్తిచేసినవాళ్ళ తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో వచ్చిన బలం అరవై ఐదులో రాదని ఎవరూ అనుకోనక్కర్లేదు. పంజాబు రైతుబిడ్డ ఫౌజా సింగ్ మొదటి మారథాన్ పరుగెత్తింది 2000లో లండన్‌లో, 89వ ఏట. మనం మారథాన్లు పరుగెత్తాల్సిన పని లేదు. మన మెట్లు మనం ఎక్కాలి, మన సంచి మనం మోసుకోవాలి, కింద కూర్చుంటే మన కాళ్ళ మీద మనం లేవాలి.

మన ఊళ్ళలో పొద్దున్నే నడిచే పెద్దవాళ్ళు బాగానే కనపడతారు, సంతోషం. అయితే నడక గుండెకు, షుగరుకు చేసే మేలు తొడ కండకు పూర్తిగా చేయదు. కండ గట్టిపడాలంటే దానికి బరువు తగలాలి. అందుకే ఈ పాఠంలో నడకతోపాటు కాళ్ళ బలానికి, తూలకుండా నిలబడడానికి కూడా అంతే చోటు ఇచ్చాను. కసరత్తు అలవాటు అసలే లేని మనిషిని దృష్టిలో పెట్టుకుని, మొదటి నుంచి చెబుతాను.

మొదటి మెట్టు: డాక్టరు దగ్గర ఒక పూట

మొదలుపెట్టే ముందు బీపీ, షుగరు చూపించుకోండి. పల్లెల్లో అయితే ఊరి విలేజ్ క్లినిక్‌లోనే ఈ రెండూ చూస్తారు. నడిస్తే గుండెల్లో పట్టేసినట్టు ఉండడం, నాలుగు మెట్లకే గస రావడం, కళ్ళు తిరగడం, ఈ మధ్య కింద పడడం, ఇంతకుముందు గుండెజబ్బు లేదా పక్షవాతం వచ్చి ఉండడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పెద్ద డాక్టరుకు చూపించి, ఈసీజీ తీయించుకున్నాకే మొదలుపెట్టాలి. బీపీ 180/110 దాటి ఉంటే ముందు అది దిగాలి.

డాక్టరును అడగాల్సినవి మూడున్నాయి. నేను వాడే మాత్రల వల్ల లేచి నిలబడగానే తల తిరిగే అవకాశం ఉందా? ఎండాకాలంలో నేను రోజుకు ఎన్ని నీళ్ళు తాగొచ్చు? నా మోకాళ్ళకు ఏ కసరత్తు పనికిరాదు? మన మగవాళ్ళకు ఒక అలవాటుంది: నొప్పి ఉన్నా "ఏమీ లేదు లే" అంటాం. ఆ ఒక్క పూటకు ఆ అలవాటు పక్కన పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

షుగరు ఉన్నవాళ్ళు పాదాలు కూడా చూపించుకోవాలి. అరికాలికి స్పర్శ తగ్గితే చెప్పులో రాయి గుచ్చుకున్నా తెలియదు. నల్లటి కడప బండలు పరిచిన గుడి ఆవరణలో మధ్యాహ్నం ఉత్త కాళ్ళతో నడిస్తే పాదం బొబ్బలెక్కినా తెలియదు. అలాంటివాళ్ళు గుడికి పొద్దున్నే పోవడం మేలు.

పులివెందుల చుట్టుపక్కల కొన్ని పల్లెల్లో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగినవాళ్ళకు నడుము, మెడ, కీళ్ళు బిగుసుకుపోయి ఉంటే అది ఫ్లోరైడ్ వల్ల కావచ్చు. దాన్ని వయసు నొప్పి అనుకుని బలవంతంగా వంచకండి, ఎముకల డాక్టరుకు చూపించండి.

రెండో మెట్టు: మీ సత్తువ ఎంతో కొలుచుకోండి

మూడు పరీక్షలు చాలు. ఇంట్లోనే, పక్కన ఒక మనిషిని పెట్టుకుని చేయండి. మనుమడు ఫోనులో టైము చూస్తాడు, వాడికీ సరదా.

మొదటిది కుర్చీ పరీక్ష. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. సీటు మోకాలి ఎత్తున ఉండాలి. రెండు చేతులూ ఎదురురొమ్ము మీద కట్టుకుని పూర్తిగా లేచి నిలబడి, మళ్ళీ కూర్చోండి. 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలిగారో లెక్కపెట్టండి. మగవాళ్ళలో 60 నుంచి 64 ఏళ్ళ మధ్య 14 కన్నా తక్కువ వస్తే బలం తగ్గినట్టు. 65 నుంచి 74 దాకా 12, 75 నుంచి 79 దాకా 11, 80 నుంచి 84 దాకా 10 హద్దు. చేతులు ఆనించకుండా ఒక్కసారీ లేవలేకపోతే లెక్క సున్నా. దిగులుపడకండి, అక్కడి నుంచే మొదలుపెడదాం.

రెండోది ఒంటికాలి పరీక్ష. గోడ పక్కన నిలబడి ఒక కాలు ఎత్తి 10 సెకన్లు ఆగండి. బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్ళ మధ్య ఉన్న 1,702 మందిని ఇలాగే పరీక్షించి, ఏళ్ళ తరబడి గమనించారు. పది సెకన్లు నిలబడలేనివాళ్ళలో ఆ తర్వాతి ఏళ్ళలో చనిపోయే ముప్పు, నిలబడగలిగినవాళ్ళ కంటే 84 శాతం ఎక్కువగా కనపడింది. ఒంటికాలి మీద నిలబడడమే ఆయుష్షు పోస్తుందని దీనర్థం కాదు. కాళ్ళ బలం, నరాల పట్టు, చూపు అన్నీ కలిస్తేనే మనిషి ఒంటికాలి మీద నిలబడతాడు. ఈ ఒక్క పరీక్ష వాటన్నిటి సంగతీ చెబుతుంది.

మూడోది లేచి నడిచే పరీక్ష. కుర్చీలో నుంచి లేచి, పదడుగుల దూరం మామూలుగా నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే కిందపడే ముప్పు ఉన్నట్టు లెక్క.

వచ్చిన అంకెలు తేదీతో సహా క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి. ఎనిమిది వారాల తర్వాత వాటి పక్కనే కొత్తవి రాస్తారు.

మూడో మెట్టు: నడక, పొద్దెక్కకముందే

మన జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. జమ్మలమడుగులో పుట్టి, డాక్టరు చదివి, పులివెందులలో వైద్యం చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2003 ఏప్రిల్ 9న చేవెళ్ళలో పాదయాత్ర మొదలుపెట్టి ఇచ్ఛాపురం దాకా సుమారు 1,500 కిలోమీటర్లు నడిచారు. అప్పుడాయన వయసు 53. అంత గట్టి మనిషి కూడా ఎండలకు రాజమండ్రిలో జబ్బుపడి కొన్నాళ్ళు ఆగాల్సి వచ్చింది. పైగా వయసు మీదపడ్డ ఒంటికి దాహం తొందరగా తెలియదు, చెమట కూడా తక్కువ పడుతుంది. కాబట్టి ఎండాకాలంలో ఐదింటికి మొదలుపెట్టి ఆరున్నరకల్లా ఇల్లు చేరాలి. పొద్దున కుదరకపోతే పొద్దు గుంకాక నడవండి. సాయంత్రం నాలుగింటికి నేల ఇంకా సెగలు కక్కుతూనే ఉంటుంది.

మొదటి వారం పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు నడవండి. వారానికోసారి ఒక్కో నడకకూ మూడు నాలుగు నిమిషాలు కలుపుకుంటూ పోండి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకే దఫాలో అరగంట నడవగలుగుతారు. వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున నడిస్తే 150 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్ళకు చెప్పిన కనీస లెక్క అదే.

ఎంత వేగంగా నడవాలి? పక్కనున్న మనిషితో మాట్లాడగలగాలి, పద్యం మాత్రం పాడలేకపోవాలి. పద్యం అందుకోగలిగితే కాస్త వేగం పెంచండి. మాట పూర్తిచేయలేక గస వస్తుంటే తగ్గించండి.

రోజుకు పదివేల అడుగులు అన్న మాట 1960ల్లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరం అమ్మకంతో పాకింది. అరవై దాటినవాళ్ళకు ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల దగ్గరే మేలు చాలావరకు అందుతుందని ఇటీవలి పరిశోధనలు తేల్చాయి. పదివేలు పూర్తికాలేదని రాత్రి పూట ఇంట్లో చుట్లు తిరగాల్సిన పని లేదు.

కాళ్ళకు వెనక పట్టీ ఉన్న చెప్పులో, మెత్తటి బూట్లో వేసుకోండి. హవాయి చెప్పులు వద్దు, అవి జారుతుంటే పట్టుకోవడానికి కాలివేళ్ళు బిగిస్తాం, నడక చెడుతుంది. పంచె కట్టేవాళ్ళు చీలమండ పైకి కట్టుకోవాలి. మైదానమో కాలేజీ ఆవరణో దొరికితే రోడ్డు కన్నా అదే నయం. రోడ్డు మీదే నడవాల్సి వస్తే ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా కుడివైపున, తెల్ల చొక్కా వేసుకుని నడవండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు ఖాళీ కడుపుతో పోవద్దు. జేబులో నాలుగు చక్కెర బిళ్ళలు ఉంచుకోండి. చేతులు వణికి చెమట పడితే వెంటనే నోట్లో వేసుకుని కూర్చోవాలి.

నాలుగో మెట్టు: కాళ్ళకు బరువు

ఈ పాఠానికి గుండెకాయ ఇదే. ఒకప్పుడు రాయలసీమ పల్లెల్లో రచ్చబండ దగ్గర గుండు ఉండేది. పండగ పూట దాన్ని ఎవరు భుజం దాకా ఎత్తితే వాళ్ళే మొనగాళ్ళు. ఇప్పుడు మీరు ఎత్తాల్సిన గుండు మీ ఒళ్ళే. వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు అనుకోండి, ఇరవై నిమిషాలు చాలు. మధ్య రోజు కండకు విశ్రాంతి. పెరుగుదల జరిగేది ఆ విశ్రాంతిలోనే.

ముందు కుర్చీ లేవడం. దీన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. సీటు వెనక్కి ఆనుకుని కాకుండా ముందంచుకు జరిగి కూర్చోండి. పాదాలు రెండూ భుజాల వెడల్పున నేలకు ఆనాలి, మడమలు మోకాళ్ళ కన్నా కాస్త వెనక్కి ఉండాలి. ముక్కు కాలివేళ్ళకు సూటిగా వచ్చేదాకా ఒళ్ళు ముందుకు వంచండి. ఇప్పుడు మడమలతో నేలను నొక్కుతూ, ఊపిరి వదులుతూ లేవండి. పైకి వచ్చాక నిటారుగా ఒక్క క్షణం ఆగండి. కూర్చునేటప్పుడు దభీమని పడకూడదు. మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుంటూ మెల్లగా దిగండి. తొడ కండ గట్టిపడేది ఈ దిగడంలోనే. మోకాళ్ళు ఒకదానికొకటి దగ్గరకు రాకుండా చూసుకోండి. ఎనిమిదిసార్లు చేసి, రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ ఎనిమిదిసార్లు. మొదటి రెండు వారాలు తొడల మీద చేతులు ఆనించినా తప్పులేదు. తర్వాత చేతులు తీసేయండి. అది కూడా తేలికైనప్పుడు రెండు కిలోల బియ్యం పొట్లం రొమ్ముకు హత్తుకుని లేవండి.

రెండోది మడమలెత్తడం. వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ళ మీదికి లేచి, మెల్లగా దిగాలి. పదిసార్లు, రెండు దఫాలు. పిక్కలు గట్టిపడితే అడుగు నేలను బాగా తోస్తుంది.

మూడోది మెట్టెక్కడం. మేడమెట్లలో అన్నిటికన్నా కింది మెట్టు చాలు, కమ్మీ పట్టుకోండి. కుడికాలు పెట్టి ఎక్కి, ఎడమకాలితో మెల్లగా దిగండి. ఒక్కో కాలికి ఆరుసార్లు, రెండు దఫాలు.

నాలుగోది గోడ తోయడం. గోడకు చేయి చాపినంత దూరంలో నిలబడి, అరచేతులు భుజాల ఎత్తున ఆనించి, మోచేతులు వంచుతూ గోడ దగ్గరకు వచ్చి మళ్ళీ తోసుకోండి. ఎనిమిదిసార్లు, రెండు దఫాలు.

ఐదోది సంచి మోయడం. రెండు చేతులా రెండు కిలోల సంచులు పట్టుకుని, నడుము వంచకుండా, ఇరవై అడుగులు నడవండి. వారం వారం అర కిలో పెంచుతూ ఐదు కిలోల దాకా పోవచ్చు. ఇది వచ్చిందంటే కూరగాయల సంచి కోసం ఎవరి బండీ అక్కర్లేదు.

ఎప్పుడు పెంచాలి? ఆఖరి రెండుసార్లు కష్టంగా ఉంటే ఆ లెక్క సరైనదే, అక్కడే ఉండండి. ఆఖరివి కూడా తేలిగ్గా అయిపోతుంటే రెండుసార్లు కలపండి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. మరుసటి రోజు తొడలు పట్టేసినట్టు ఉంటే అది మంచి నొప్పే, రెండు రోజుల్లో పోతుంది. మోకీలు లోపల సూదిలా పొడిచినా, కీలు వాచినా ఆపేయండి. గుండెల్లో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట వస్తే కసరత్తు మాట మరిచి వెంటనే 108కి ఫోను చేయించండి.

ఐదో మెట్టు: తూలకుండా నిలబడడం

పెద్దవయసులో ఒక్క పడిపాటుకు తుంటి ఎముక విరిగితే మనిషి మళ్ళీ మునుపటిలా నడవడం కష్టమవుతుంది. కసరత్తులు కిందపడడాన్ని వందకు 23 వంతులు తగ్గిస్తాయని, ఎన్నో దేశాల్లో జరిగిన పరీక్షలను కలిపి చూసి 2019లో లెక్కతేల్చారు.

నిలకడ కసరత్తును పొద్దున పళ్ళు తోముకునేటప్పుడే చేయవచ్చు. నేల తడిగా లేనిచోట, ఒక చేయి గోడకు దగ్గరగా ఉంచుకోండి. మొదటి వారం రెండు పాదాలూ జోడించి అర నిమిషం. రెండో వారం ఒక పాదం సగం ముందుకు. మూడో వారం ఒక మడమ వెనకే ఇంకో కాలి బొటనవేలు, దారం మీద నిలబడ్డట్టు. నాలుగో వారం నుంచి ఒంటికాలు, మార్చి మార్చి.

ఇంతకన్నా మంచిది మన దగ్గరే ఉంది: చెక్కభజన. రాముడి గుడి ముందు ఎప్పుడైనా నిలబడి పాదాలనే చూడండి. చేతుల్లో చెక్కలు, కాళ్ళకు గజ్జెలు, నడుమ గురువు పాట ఎత్తుకుంటాడు. అడుగు ముందుకు, వెనక్కి, పక్కకు, సగం తిరుగుడు, మళ్ళీ ముందుకు. ఒళ్ళు బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలికి మారుతూనే ఉంటుంది. నోరు పాడుతుంటుంది, చెవి తాళం వింటుంటుంది, చూపు పక్కవాడి మీద ఉంటుంది. మాట్లాడుతూ నడుస్తుంటే తూలిపోయే పెద్దవాళ్ళకు కావలసిన శిక్షణ సరిగ్గా ఇదే: ఒంటికీ మనసుకూ ఒకేసారి పని పెట్టడం. మీ ఊళ్ళో భజన మేళం ఉంటే పోయి చేరండి. మొదటి నెల వరుస చివర నిలబడి పాదాల అడుగులు మాత్రమే వేయండి. వంగే అడుగులు, గిర్రున తిరిగే అడుగులు కుర్రవాళ్ళకు వదిలేయండి. వారానికి రెండు రాత్రులు భజనకు పోయే అబ్బకు ఒంటరితనం కూడా దూరమవుతుంది.

ఇల్లు కూడా సరిచూసుకోవాలి. నున్నటి బండల మీద నీళ్ళు పడితే జారుతుంది. స్నానాల గదిలో గరుకు పట్టా వేయించి, గోడకు కమ్మీ బిగించండి. ప్రోస్టేటు వల్ల రాత్రి రెండు మూడుసార్లు లేచే మగవాళ్ళే చీకట్లో ఎక్కువ పడతారు. మంచం నుంచి బాత్రూం దాకా చిన్న లైటు వెలుగుతుండాలి. లేవగానే పరుగెత్తకుండా మంచం అంచున ఒక నిమిషం కూర్చుని కదలండి.

ఆరో మెట్టు: తిండి, నీళ్ళు

కండ పెరగాలంటే మాంసకృత్తులు కావాలి. పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు ఉండాలని వైద్యులు చెబుతారు. అరవై కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములన్నమాట. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరును అడగందే పెంచకూడదు.

రాగి సంగటి మనకు దేవుడిచ్చిన తిండి. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, ఎముకకు మంచిది. కానీ రాగిలో మాంసకృత్తులు వందకు ఏడు గ్రాములే. కండకు కావలసింది సంగటిలో నంజుకునేదాని నుంచి రావాలి. ఉత్త ఎర్రకారంతో ముద్ద మింగకుండా, పక్కన గిన్నెడు అలసందల పులుసో, గట్టి పప్పో, కోడికూరో పెట్టుకోండి. రోజుకు రెండు గుడ్లు 12 గ్రాములు, పెద్ద గ్లాసు పాలు 8, గుప్పెడు శెనక్కాయలు 7 గ్రాములు ఇస్తాయి. ఉలవలు, పెసలు, పెరుగు కలుపుకుంటే లెక్క దగ్గరపడుతుంది. రాత్రి ఒక్కపూటే అంతా తినకుండా మూడు పూటలకూ పంచుకోండి. పొద్దున ఎర్రకారం దోశ తినే రోజు పక్కన ఒక ఉడికిన గుడ్డు ఉండాలి. బోండాలు, బజ్జీలు వారానికోసారి చాలు. షుగరున్నవాళ్ళు సంగటి ముద్ద సైజు తగ్గించి, పప్పు, ఆకుకూర పెంచాలి.

నడకకు ముందు ఒక గ్లాసు నీళ్ళు, వచ్చాక పల్చటి మజ్జిగ తాగండి. బీపీ ఉన్నవాళ్ళు అందులో ఉప్పు వేసుకోవద్దు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు డాక్టరు చెప్పిన కొలతే తాగాలి. బీడీ, సిగరెట్టు మానకుండా ఎంత నడిచినా పిక్కల్లో రక్తనాళాలు మూసుకుపోతూనే ఉంటాయి. కాస్త దూరం నడవగానే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతుంటే అది ఆ జబ్బు గుర్తే. చూపించుకోండి.

ఏడో మెట్టు: మీ పనిలోనే కలుపుకోండి

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో, బట్టల కొట్లలో పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చునే పెద్దమనుషులు అరగంటకోసారి లేవాలి. బేరం అయిపోయిన ప్రతిసారీ ఐదుసార్లు కుర్చీ నుంచి లేచి కూర్చోండి. కొట్టుకు బండి మీద కాక నడిచి పోండి. పొద్దున నడక పెన్న వైపు రామేశ్వరం దాకా పెట్టుకుంటే గుడి దర్శనం కూడా అవుతుంది. దసరాకు అమ్మవారిశాల దగ్గర జనంలో గంటలు నిలబడాల్సి ఉంటుంది కాబట్టి, దానికి రెండు నెలల ముందు ఈ పాఠం మొదలుపెట్టడం మంచి ముహూర్తం.

జమ్మలమడుగు చుట్టూ నల్లరేగడి రైతులు "మాకు పొలం పనే కసరత్తు" అంటారు. సీజనులో నిజమే. శనగ కోత అయిపోయాక నెలల తరబడి అరుగు మీదే గడిచిపోతుంది. పైగా పొలం పనంతా ముందుకు వంగేదే. కాబట్టి రోజూ గోడకు వీపు, మడమలు, తల ఆనించి ఒక నిమిషం నిటారుగా నిలబడండి. ఎండకు నెర్రెలు బారిన చేలో నడిచేటప్పుడు కర్ర పట్టుకోవడం నామోషీ కాదు. మీ గురి గండికోట. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. వాకిలి దాటి మసీదు, ధాన్యాగారం, రంగనాథుడి గుడి చూసుకుని పెన్న లోయ అంచు దాకా ఎగుడుదిగుడు రాళ్ళ మీద నడవాలి. ఎనిమిది వారాలు నేర్చుకున్న నిలకడ అక్కడ అక్కరకొస్తుంది. లోయ అంచుకు మాత్రం మరీ దగ్గరకు పోవద్దు.

పులివెందుల వైపు చీనీ, అరటి తోటలకు డ్రిప్పు వచ్చాక పార పట్టే పని తగ్గింది, బండి దిగకుండానే తోట చూసి వచ్చేస్తున్నారు. బండి గేటు దగ్గరే ఆపి చెట్ల వరుసల మధ్య నడవండి. వాల్వు తిప్పడానికి వంగేటప్పుడు నడుము కాక మోకాళ్ళు వంచండి. మీ గురి శ్రావణ మాసంలో గండి వీరాంజనేయస్వామి దర్శనం. ఎవరి భుజం పట్టుకోకుండా క్యూలో నిలబడి రావాలి.

తిరుమల కొండ నడిచి ఎక్కే మొక్కు మూడు ఊళ్ళవాళ్ళకూ ఉంటుంది. అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఈ ఎనిమిది వారాలు పూర్తయ్యాక ఇంకో నెల మేడమెట్లు ఎక్కడం సాధన చేసి, డాక్టరును అడిగి బయలుదేరండి. దిగేటప్పుడు మోకాలి మీద భారం ఎక్కువ పడుతుంది కాబట్టి దిగడం బస్సులోనే.

ఎనిమిదో మెట్టు: మళ్ళీ కొలుచుకోవడం

ఎనిమిది వారాలు నిండిన రోజు మూడు పరీక్షలూ మళ్ళీ చేసి, క్యాలెండరు మీద పాత అంకెల పక్కనే కొత్తవి రాయండి. కుర్చీ లెక్క రెండు మూడు పెరిగినా అది గట్టి ఫలితమే. మధ్యలో జ్వరం వచ్చో, పెళ్ళికి పోయో వారం ఆగిపోతే ఆగిన చోట నుంచి కాకుండా రెండు వారాలు వెనక్కి పోయి మొదలుపెట్టండి. పూర్తిగా మానేస్తే వచ్చిన బలం కొన్ని వారాల్లోనే జారిపోవడం మొదలవుతుంది. కాబట్టి ఇది ఎనిమిది వారాలతో ముగిసే మొక్కుబడి కాదు. అన్నం తిన్నట్టే రోజూ ఉండాల్సిన పని.

ఆఖరుగా కొడుకులకు, కోడళ్ళకు, కూతుళ్ళకు ఒక మాట. నాయన చేతిలోంచి ప్రతి సంచీ లాక్కోవద్దు. ఆయన మెల్లగా లేస్తుంటే రెక్క పట్టి లేపకుండా పక్కన నిలబడండి. పాలప్యాకెట్టు తేవడం, మొక్కలకు నీళ్ళు పోయడం, మనుమణ్ణి బడికి నడిపించుకు పోవడం, ఇలాంటివి రెండు మూడు పనులు ఆయనవే అని ఇంట్లో తేల్చేయండి. ఆయన ఒంటికి మందు ఆ పనుల్లోనే ఉంది. ఈ వారమే డాక్టరుకు చూపించి, వచ్చే సోమవారం నుంచి మొదలుపెట్టించండి. మొదటి వారం మీరు కూడా పక్కన నడవండి.